కొస మోటారు వనజాక్షి

నా కోడలు వనజాక్షి ఎలాంటిదని ఊళ్ళో అడిగితే బంగారం అంటారు. వాళ్ళేం, ఎన్నయినా అంటారు. పద్దెనిమిదేళ్ళు ఒకే పొయ్యి దగ్గర మసలినదాన్ని నేను. ఆమె సాంబారులో ఉప్పు ఎప్పుడూ ఒక చిటికెడు తక్కువే. అన్నం నిలబడి తింటుంది, కూర్చుంటే ఎవరో వచ్చి లేపుతారన్నట్టు. మాట తక్కువ. మాట తక్కువ మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో నాలాంటిదానికే తెలుసు. నేను నాలుగంటే ఆమె ఒకటంటుంది, ఆ ఒకటి నా నాలుగింటినీ మింగి కూర్చుంటుంది.

ఊత్తుకోట వైపు పిల్ల. నా కొడుకు ధనకోటి తిరువళ్ళూరు దగ్గర ఒక కంపెనీ క్యాంటీన్లో వంట చేస్తాడు. తెల్లారకముందే టౌన్ బస్సులో తిరుత్తణికి పోయి రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేది. కాబట్టి సేద్యమంతా కోడలిదే. మాకున్నది ఎకరం. రెండు కయ్యలు, అంటే మళ్ళు. మెరకన ఉన్నది మేటి కయ్య, కింద ఉన్నది పల్లపు కయ్య.

ఆమెకు చెవులు మంచివి. ఇది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఇంట్లో పిండి రుబ్బుతూనే, పొలం వైపు నుంచి వచ్చే రొద విని ఎవరి మోటారు తిరుగుతోందో చెప్పేది. "అది అమృతవల్లక్కది అత్తా, దగ్గుతుంది చూడు" అనేది. నాకైతే అన్నీ ఒకే గుయ్యిమనే గోల.

మా పొలాలు ఊరికి పడమర, గుండ్లమేడు అనే చోట. అక్కడ ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని మీద పదకొండు బోర్లు, పదకొండు మోటార్లు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆనుకునే నా మరిది కోదండరామది చెరుకుతోట, ఊళ్ళోకల్లా పెద్ద మోటారు అతనిదే. తీగ అక్కడ మొదలై ఒక్కొక్క చేను దాటుకుంటూ వచ్చి మా చేలో ఆగిపోతుంది. మాది కొస మోటారు. అందరూ తాగి మిగిల్చిన కరెంటు మాకు. మా షెడ్డులో బల్బు వెలిగితే గుమ్మడిపండు ముక్కలా ఎర్రగా ఉండేది.

మోటారు తిరగాలంటే త్రీ ఫేజు రావాలి. పొద్దున తొమ్మిదికి వస్తుంది, మూడింటికి పోతుంది. చేలకు కరెంటు ఉచితం. ఊరికే వచ్చేది కాబట్టి ఎంత వాడుతున్నామని ఎవడూ అడగడు, ఎవడూ చూసుకోడు.

అయినా పాతికేళ్ళు ఏ గొడవా లేకుండా జరిగింది. ఎలా జరిగిందనుకున్నారు? మావాళ్ళ సోమరితనం వల్ల. తొమ్మిదికి కరెంటు వస్తే ఒకడు కాఫీ తాగి చేనికి పోయేవాడు, ఒకడు గొడ్డుకు గడ్డి వేసి పోయేవాడు, ఒకడు పెళ్ళాంతో పోట్లాట ముగించుకుని పదికి పోయేవాడు. ఎవరూ ఏ ఒప్పందమూ చేసుకోలేదు గానీ మోటార్లు ఒకదాని వెనక ఒకటి లేచేవి. తిరగడం మొదలెట్టేటప్పుడే మోటారు ఎక్కువ కరెంటు గుంజుతుందట. అందరూ ఒకేసారి గుంజకపోవడంతో ట్రాన్స్‌ఫార్మర్ బతికింది.

దాన్ని చెడగొట్టింది మా ఇల్లే.

ఒక ఐప్పసి నెల, దీపావళి నాటి వానల్లో కోడలు షెడ్డుకు పరుగెత్తుతూ గెనిమ గట్టు మీద జారి కాలు మెలేసుకుంది. నా కొడుకుకు ప్రాణం ఆగలేదు. తిరువళ్ళూరులో ఒక ఆటో పెట్టె కొనుక్కొచ్చి మా స్టార్టరుకు బిగించాడు. త్రీ ఫేజు వస్తే చాలు, మనిషి లేకుండా అదే మోటారును ఆన్ చేస్తుంది. ఆ నెల కోడలు మహారాణిలా ఇంట్లోంచే చేను తడిపింది. నేనూ నలుగురికీ చెప్పుకున్నాను, నా కొడుకు చూడండి అని. నా నోరు ఊరుకుంటుందా.

ఒకరింట్లో ఉన్నది పక్కింట్లో లేకపోతే మా ఊరివాళ్ళకు అన్నం అరగదు. రెండేళ్ళలో పదకొండు షెడ్లలోనూ పెట్టెలు వచ్చాయి. ఎవరిది తప్పనాలి? ఎవరికి వారికి అది మంచిదే. కానీ ఇప్పుడు తొమ్మిదయ్యేసరికి పదకొండు మోటార్లూ ఒక్క ఊపిరికి లేస్తాయి. "ఉమ్మ్" అని మూలుగు, "టప్" అని ఫ్యూజు పోవడం. వారానికి రెండుసార్లు, తర్వాత రోజు మార్చి రోజు.

మా కోదండరామ ఏం చేశాడంటే, ఫ్యూజులో ఉండాల్సిన సన్నతీగ తీసేయించి లావు తీగ మెలిపెట్టి వేయించాడు.

"ఇంక పోనే పోదు వదినా, నేను గ్యారంటీ" అన్నాడు నాతో.

ఫ్యూజు పోలేదు. దాని బదులు ట్రాన్స్‌ఫార్మరే పోయింది. మాసి నెల చివర, శివరాత్రి వెళ్ళాక, పొద్దున తొమ్మిది దాటి రెండు నిమిషాలకు గుండ్లమేడంతా కాలిన నూనె కంపు.

మా వరి అప్పుడు పొట్ట మీద ఉంది. కంకి బయటికి రాకముందు ఆకు తొడుగులో ఉబ్బి ఉంటుందే, అది. ఆ పదిహేను రోజులూ నీళ్ళు తప్పితే గింజ ఉండదు, ఊక ఉంటుంది. పొట్ట పైరును ఎండగట్టడం కడుపుతో ఉన్నదాన్ని పస్తు పెట్టడంతో సమానమని మావైపు అంటారు. ఆ ఏడు మా ఇంటి గింజలన్నీ ఆ ఎకరంలోనే ఉన్నాయి.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. కోదండరామ డీజిల్ ఇంజను తెచ్చి చెరుకు తడుపుకున్నాడు. మిగిలినవాళ్ళం ఆకాశం చూశాం. నాలుగో రోజుకు కయ్యలో నెర్రెలు పడ్డాయి, వేలు దూరేంత. ఏడో రోజుకు చెయ్యి దూరింది. కోడలు పొద్దునా సాయంత్రం పోయి గెనిమ మీద నిలబడి వచ్చేది. ఆ తొమ్మిది రోజులూ సాంబారులో ఉప్పు అసలే లేదు.

తొమ్మిదో రోజు లైన్‌మన్ తణికైవేల్ వాళ్ళు కొత్తది బిగించారు. అతను తమిళం మనిషి, మాతో మాట్లాడి మాట్లాడి మా తెలుగు పట్టుకున్నాడు. పాత ఫ్యూజు తీగ చేత్తో పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇది తీగా, దూడను కట్టే తాడా? ఎవరయ్యా వేసింది?"

కోదండరామ చెరుకుతోట వైపు చూస్తూ నిలబడ్డాడు, చెరుకును ఎన్నడూ చూడనట్టు.

"సరి, ఎవరో వేసినారు. నేనిప్పుడు సరైన ఫ్యూజే వేసినా. ఆటో పెట్టెలన్నీ ఆఫ్‌లో పెట్టండి. నలుగురు నలుగురుగా వంతు వేసుకోండి. ఇది కూడా కాలిందంటే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ మురుగనికే తెలియాల. సొల్లిట్టేన్, చెప్పేసినా."

అక్కడే నిలబడి వంతులు అనుకున్నారు. తొమ్మిదికి నాలుగు మోటార్లు, పదకొండుకు నాలుగు, ఒంటిగంటకు మూడు. రేపటి నుంచి అందరి పెట్టెలూ ఆఫ్. కోదండరామ గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. కోడలు ఆ సాయంత్రమే పోయి మాది ఆఫ్ చేసి వచ్చింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి.

మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు, గొడ్డుకు గడ్డి కోసుకొస్తానని చెప్పి నేను చేనికి పోయాను. పైరు చూశాను. ఆకులు గొట్టాల్లా చుట్టుకుని ఉన్నాయి. మా వంతు ఒంటిగంటకు. అప్పటిదాకా ఈ ఎండలో? పదిమందీ ఆఫ్‌లో పెట్టే ఉంటారు, మాది ఒక్కటి తిరిగితే కొంప మునుగుతుందా అనుకున్నాను. షెడ్డులోకి పోయి పెట్టె ఆన్ చేసి, గడ్డి కూడా కోయకుండా ఇంటికొచ్చేశాను.

కోడలు ఆ వేళకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి ఉంది, మొదటి నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని ఆన్ చేయమని కేక వేయడానికి. తొమ్మిదయింది. "ఉమ్మ్" అంది గుండ్లమేడంతా. "టప్."

ఫ్యూజు సరైనది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ బతికింది. కానీ తణికైవేల్ ఎక్కడో వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు, సాయంత్రానికి గానీ రాలేదు. ఇంకొక రోజు పోయింది.

కోడలు ఇంటికొచ్చింది. నేను చింతపండు గింజలు తీస్తున్నాను, తల ఎత్తలేదు.

"అత్తా."

"ఊఁ."

"మన మోటారు గొంతు నాకు తెలీదా?"

చేతిలో గింజ చేటలో వేశాను. "పైరు చస్తా ఉంటే చూస్తా ఉండమంటావా? పదిమంది ఆఫ్‌లో పెట్టినాక మనదొక్కటి—"

"పదిమందీ అదే అనుకున్నారు. పదకొండూ లేచినాయి."

అంతే అంది. పొలానికి పోయి మా ఆటో పెట్టెను మరలు విప్పి ఊడదీసి చంకలో పెట్టుకుంది. సాయంత్రం కోదండరామ ఇంటి తిన్నె మీద మగవాళ్ళు కాఫీ తాగుతూ ఎవడు మోసం చేశాడని ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటే, పోయి వాళ్ళ మధ్యలో ఆ పెట్టె పెట్టింది. నేను వెనకే పోయాను, ఏం వాగుతుందో అని.

"ఇది మాది. పొద్దున ఆన్‌లోనే ఉండింది. మా అత్త చేసినాది."

ఊరి మధ్యలో! నా కోడలు! భూమి చీలితే దూరేదాన్ని, చీలికలు మా కయ్యలోనే ఉన్నాయి కదా.

"నేను ఆఫ్ చేసినా, మాది తిరగలా" అన్నాడు కోదండరామ.

"మొదట లేచింది నీదే మామా. నీ మోటారు లేస్తే నేల అదురుతుంది. తర్వాత గుణ అన్న మోటారు, ఆ వెనక అమృతవల్లక్కది దగ్గింది, తర్వాత—" ఇలా పదకొండూ వరుసగా చెప్పింది, పెళ్ళిలో బంతి పిలిచినట్టు. చివర మాది.

అమృతవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అవును, నేనే ఆన్ చేసినా. మీరంతా పెద్ద మనుషులు గదా, మాట మీద ఉంటారని ధైర్యం!" అంది.

అప్పుడు అందరికీ నవ్వొచ్చింది. తిలాపాపం తలా పిడికెడు. పదకొండు మందీ మిగిలిన పదిమందిని నమ్మాం, అదీ మా మోసం. ఆ నవ్వులోనే కోడలు అడిగింది, అందరూ పెట్టెలు ఊడదీసి ఇచ్చేయండి, ఒక గోతాంలో వేసి మా అటక మీద పడేస్తాను అని. చీకటి పడేలోపు పది పెట్టెలు వచ్చాయి, మాదానితో పదకొండు. ఎవరిది వచ్చిందో లేదో మిగిలిన అందరూ తొంగి చూశారు. ఆన్ చేయాలన్నా చేయడానికి లేనప్పుడు మనిషి ఎంత నిజాయితీపరుడవుతాడో.

ఆమె ఇంకొకటి కూడా అడిగింది. "పొట్ట మీద ఉన్న పైరుకు ఒక వారం రెండు వంతులు ఇయ్యండి. తర్వాత మామూలే."

కోదండరామకు అక్కడ నోరు వచ్చింది. "ఈ పొద్దు పొట్ట మీద ఉండేది నీ పైరొక్కటే గదమ్మా! బలే నాయం చెప్పినావు. పెట్టెలు మేమియ్యాల, నీళ్ళు కూడా నీకే ఇయ్యాలనా?"

మిగిలినవాళ్ళు కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. నేను నోరు తెరవబోయాను. కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"సరే మామా. నాకు ఒకటే వంతు. అదీ ఆఖరిదే."

మరునాడు ఒంటిగంటకు మా మోటారు లేచింది. ఇన్నేళ్ళలో మొదటిసారి మా షెడ్డు బల్బు తెల్లగా వెలిగింది. నీళ్ళు గొట్టం నిండుగా దూకాయి. కానీ నెర్రెలు పడ్డ నేల రాక్షసి. అరగంట పోసినా తడి రెండు బారలు దాటలేదు, అంతా లోపలికే పోతోంది. ఉన్నది రెండు గంటలు. రెండు కయ్యలకూ పారిస్తే రెండూ సగం సగం తడిసి రెండూ చస్తాయి.

కోడలు పార పట్టుకుని రెండు కయ్యల్నీ చూసింది. మేటి కయ్య ముందు వస్తుంది, నీళ్ళు దాన్ని దాటి పల్లానికి పోవాలి. పల్లపు కయ్యలో మట్టి కాస్త మెత్తగా ఉంది. ఆమె పోయి మేటి కయ్యలోకి నీళ్ళు పోయే మడవ మూసేసింది. కాలువ పొడుగునా మట్టి ఎత్తి పోసి, నీళ్ళన్నీ పల్లానికి తిప్పింది.

"ఏమ్మే, ఏం చేస్తా ఉండావు? పైది చస్తుందే!" అని అరిచాను.

"ఒకటి చస్తే ఒకటి బతుకుతుంది అత్తా. నువ్వు ఆ పక్కకు రా, నీళ్ళు కారిపోతా ఉండాయి, మట్టి తొక్కు."

తొక్కాను. డెబ్భై ఏళ్ళ కాళ్ళతో మట్టి తొక్కాను. నిన్న నేను పెట్టె ఆన్ చేయకుండా ఉంటే ఒక రోజు మిగిలేదని ఆమె అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని, గుండె తేలికయ్యేది. ఆ దారి కూడా లేకుండా చేసింది.

మూడో రోజు అమృతవల్లి వచ్చింది. "అక్కా, మా చెనక్కాయలు పెరికేసినాం. ఈ వారం నీళ్ళతో నాకు పనిలేదు. నా పదకొండు గంటల వంతు మీ కోడల్ని తీసుకోమను." ఎవరూ అడగలేదు ఆమెను. దాంతో పల్లపు కయ్య గట్టెక్కింది. వారానికి కంకులు బయటికి వచ్చాయి. మేటి కయ్య అప్పటికే గడ్డి రంగుకు తిరిగిపోయింది.

ఇంతవరకూ బాగుంది. కానీ మా ఊరి గుణం పోతుందా? పది రోజులు చూశాను. తొమ్మిదికి, పదకొండుకు, ఒంటిగంటకు ఎండలో నిలబడి ఒక్కొక్క షెడ్డుకూ పోయి మోటార్లు ఆన్ చేసేది, ఆఫ్ చేసేది అంతా నా కోడలే. మిగిలిన పదిళ్ళవాళ్ళూ తిన్నెల మీద. ఏమిటంటే, వనజాక్షి ఉంది కదా. పెట్టెలు ఊడదీసి దాని బదులు నా కోడల్ని బిగించుకున్నారు. ఆమెకైతే బిగించే మరలు కూడా అక్కర్లేదు.

పదకొండో రోజు పొద్దున ఆమె పొలానికి పోలేదు. ఇంటి ముందు కూర్చుని మినుములు చెరుగుతోంది. కూర్చుని! తొమ్మిదిన్నరకు గుణ వచ్చాడు, పదికి ఇంకో ఇద్దరు, ఆ వెనక కోదండరామ.

"ఏమ్మా, ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాది మామా."

"మరి మోటార్లు ఎవురు ఎయ్యాల?"

"మీకూ ఒళ్ళు బాగానే ఉండాది గదా."

చేట ఆపలేదు. నేను లోపల గడప దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఒక్క మాటకు నలుగురు మగవాళ్ళు ఎలా నిలబడిపోయారో చూడటానికి రెండు కళ్ళు చాలలేదు.

పది దాటినా ఒక్క మోటారూ తిరగలేదు. ఎవరికి వారు పోయి తమది ఆన్ చేసుకుంటే మళ్ళీ అన్నీ ఒకేసారి లేస్తాయని ఇప్పుడు అందరికీ భయం. చివరికి అక్కడే, మా వాకిట్లో, రోజుకు ఒక ఇల్లు అని తేల్చుకున్నారు. ఎవరి రోజు వాళ్ళు మూడుసార్లూ తీగ మొదటి నుంచి కొస దాకా నడవాలి. వాళ్ళకు కుదరకపోతే మనిషిని పంపాలి, వనజాక్షిని మాత్రం అడగకూడదు. ఆ ఆఖరి మాట నేను చేర్చాను.

మొదటి రోజే కోదండరామది పడింది. మనిషినే పంపుతాడనుకున్నాను. తానే వచ్చాడు, తల మీద తువ్వాలు వేసుకుని. ఒంటిగంటకు చెరుకుతోట దగ్గర బయల్దేరి గెనిమల మీద తూలుకుంటూ, ఒక్కొక్క షెడ్డూ చూసుకుంటూ మా చేనికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. నేనూ కోడలూ కలుపు తీస్తున్నాం.

గెనిమ మీద నిలబడ్డాడు. ఎడమ పక్క పల్లపు కయ్య, కంకులు వంగి పచ్చగా. కుడి పక్క మేటి కయ్య, నిలువునా ఎండిన గడ్డి, చెయ్యి దూరే నెర్రెలు. రెంటికీ నడుమ జానెడు గట్టు.

"ఇంత కొసన ఉందా మీ చేను?" అన్నాడు.

"పెళ్ళై వచ్చినకాడి నించీ ఈడనే ఉండాది మామా. నువ్వే రాలేదు" అంది కోడలు.

ఆయన వంగి మేటి కయ్యలో ఒక పొట్ట పీకాడు. వేళ్ళతో చీల్చి చూశాడు. లోపల తెల్లని ఊక. చాలాసేపు అరచేతిలోనే పెట్టుకున్నాడు.

"రేపటి నించి నా వంతు నువ్వు తీసుకో అమ్మా. చెరుకు తాళుతుంది."

"దీనికింక నీళ్ళెందుకు మామా. వచ్చే కారు పంటకు పొట్ట మీద ఎవురిదున్నా సరే, రెండు వంతులు ఇస్తే సాలు."

ఆయన షెడ్డులోకి పోయి పచ్చ బటన్ నొక్కాడు. మోటారు లేచింది. కోడలు పార అందుకుని నీళ్ళకు ఎదురు పోయింది.